కొండమీది గూడెంలో గర్భిణి: కాన్పుకు ఎప్పుడు దిగాలి, ఎక్కడికి వెళ్లాలి, ఏమేం సిద్ధం చేసుకోవాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. చెల్లెలిది పాడేరు ఏజెన్సీలో కొండమీది గూడెం. బండి వచ్చే రోడ్డుకు మూడు కిలోమీటర్లు దిగాలి, మధ్యలో గెడ్డ (వాగు). రెండో కాన్పు. మొదటిది ఇంట్లోనే మంత్రసాని చేసింది, బాబుకి మూడేళ్లు. మార్చిలో తీసిన తొలి స్కాన్ సెప్టెంబరు 20 అంటే, జులై మొదటివారం స్కాన్ అక్టోబరు 8 అంటోంది. హెచ్‌బీ (రక్తంలో హిమోగ్లోబిన్) 8.2. "నొప్పులొచ్చాక 108కి ఫోన్ చేస్తే సరిపోతుంది కదా" అని అత్తవారి మాట. ఏం చేయాలి, ఎంత ఖర్చవుతుంది?

సరిపోదు. 108 ఈ రాష్ట్రంలో 2005 నుంచి ఉంది, మంచి ఏర్పాటే, కాని అది రోడ్డు ఉన్నచోటికి వచ్చే ఏర్పాటు. మీ చెల్లెలి విషయంలో బండి ఎక్కేలోపు జరగాల్సినవి లెక్కేయండి. సిగ్నల్ అందే దిబ్బ దాకా ఒకరు వెళ్లి ఫోన్ చేయాలి. డోలీ మోయడానికి కనీసం ఆరుగురు మగవాళ్లు దొరకాలి. పోడు పనుల రోజుల్లో పగటిపూట ఊళ్లో అంతమంది ఉండరు. చీకట్లో కొండ దిగి గెడ్డ దాటాలి. పైన వాన పడితే గెడ్డ తగ్గేదాకా ఒడ్డునే కూర్చోవాలి. ఇవన్నీ బాగా జరిగినా మూడు గంటలకు తక్కువ పట్టదు. రెండో కాన్పు తొలికాన్పు కంటే చాలా తొందరగా అవుతుంది. దారిలో ప్రసవాలు ఎక్కువగా రెండు, మూడు కాన్పుల వాళ్లవే కావడానికి కారణం అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. మిగిలిన మూడున్నర శాతం ఎక్కడుందని అడిగితే ఇలాంటి గూడేలే ముందు గుర్తుకొస్తాయి.

కాబట్టి నొప్పులు రాకముందే ఆమె కింద ఉండాలి. మిగతా ఏర్పాట్లన్నీ దాన్నిబట్టే.

ముందు తేదీ తేల్చుకోండి. మార్చి స్కాన్‌నే నమ్మండి. మూడో నెలలోపు తీసిన స్కాన్‌లో తేడా వారానికి మించి రాదు. ఏడో నెల తర్వాత తీసినదానిలో రెండు మూడు వారాల తేడా మామూలే, ఎందుకంటే అప్పుడు కొలిచేది బిడ్డ సైజు. సైజు ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉంటుంది. కొత్త రిపోర్టు వచ్చినప్పుడల్లా గర్భిణికి ఇచ్చే ఎంసీపీ (తల్లీబిడ్డల) కార్డు మీద తేదీ కొట్టేసి మార్చడం చాలాచోట్ల జరిగే పొరపాటు. అలా మారిస్తే సెప్టెంబరు 20కి నెలలు నిండే మనిషిని అక్టోబరు దాకా కొండమీదే ఉంచేస్తారు. ఇంకో సంగతి: జులై స్కాన్ 18 రోజులు వెనక్కి చూపించిందంటే తేదీ తప్పని కాదు, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉండొచ్చని. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించి, "బిడ్డ బరువు సరిగ్గా పెరుగుతోందా, మూడు వారాల్లో మళ్లీ స్కాన్ కావాలా" అని అడగండి. రక్తం తక్కువగా ఉన్న తల్లికి ఈ ప్రశ్న తప్పనిసరి.

తొలి స్కానే లేనివాళ్లు చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపుకోవాలి. జనవరి 10 అయితే అక్టోబరు 17. తేదీ గుర్తులేదంటే అక్కడితో వదిలేయకుండా ఇటుకల పండగకు ముందా తర్వాతా, ఏ సంతకు అటూ ఇటూ అని అడిగితే వారం తేడాలో చెప్పేస్తారు. క్యాలెండరు గుర్తులేకపోయినా సంత గుర్తుంటుంది.

సెప్టెంబరు 20 లెక్కన ఆగస్టు 30కి 37 వారాలు నిండుతాయి. ఎండాకాలమైతే ఆ వారం దిగితే చాలు. వానాకాలం కాబట్టి ఇంకో వారం ముందే, అంటే ఆగస్టు 23 ప్రాంతంలో దింపేయండి. ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో కొన్నిచోట్ల గర్భిణుల కోసం వసతి గృహాలు నడుస్తున్నాయి, పార్వతీపురం వైపు సాలూరులో పెట్టినలాంటివి. మీకు దగ్గరలో ఏదుందో మీ ఊళ్లను చూసే నర్సు ఏఎన్‌ఎమ్మును అడిగి ఇప్పుడే పేరు రాయించండి. అది లేకపోతే ఆసుపత్రికి ఆటో దూరంలో ఉన్న చుట్టాలిల్లు. అదీ కుదరకపోతే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసరును కలిసి ముందుగానే చేర్చుకోమని అడగాలి. రక్తహీనత ఉంది, దారి లేదు అని కార్డు మీద రాసి ఉంటే కాదనడం వాళ్లకూ కష్టం.

ఆడవాళ్లు ముందుగా దిగడానికి ఒప్పుకోకపోవడానికి మొండితనమో మూఢనమ్మకమో కారణమని కింది ఊళ్లవాళ్లు అనుకుంటారు. అడిగి చూస్తే చెప్పేది వేరు: పెద్దబిడ్డను ఎవరు చూస్తారు, మేకల్ని ఎవరు తోలుతారు, కలుపు ఎవరు తీస్తారు. మూడేళ్ల బాబును వెంట ఉండనిస్తారా అని వసతి గృహంలో ముందే కనుక్కోండి. ఉండనివ్వకపోతే మీ అమ్మగారు పైకి వెళ్లి ఆ నాలుగు వారాలు అక్కడ ఉండగలరేమో చూడండి. అత్తగారిని ఒప్పించడంలో కూడా ఉపన్యాసం కంటే ఇదే పనికొస్తుంది. కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. తోడొచ్చేది అత్తగారే అయితే ఇంట్లో కాన్పు అన్న పట్టు చాలావరకు సడలుతుంది.

ఇక ఏ ఆసుపత్రి. కాన్పు చేసే చోటు, ఆపరేషన్ చేయగల చోటు ఒకటి కావు. పీహెచ్‌సీలో మామూలు కాన్పు చేస్తారు. సిజేరియన్‌కు ఆడవాళ్ల డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం మూడూ ఒకచోట ఉండాలి. బోర్డు మీద సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) అనో ఏరియా ఆసుపత్రి అనో ఉన్నంతమాత్రాన రాత్రి రెండింటికి ఆ మూడూ ఉంటాయని అర్థం కాదు. పీహెచ్‌సీ నుంచి సీహెచ్‌సీకి, "మత్తు డాక్టరు లీవులో ఉన్నారు" అని అక్కణ్నుంచి పాడేరుకు, పాడేరు నుంచి ఘాట్ దిగి వంద కిలోమీటర్లు దాటి విశాఖ కేజీహెచ్‌కు... ప్రాణాలు పోయేది ఎక్కువగా ఈ గొలుసులోనే. అందుకే ఈ నెలలోనే వెళ్లి మూడు ప్రశ్నలు అడిగి రండి: రాత్రిళ్లు సిజేరియన్ చేస్తున్నారా? పోయిన వారం చేశారా? రక్తం ఇక్కడే నిల్వ ఉందా, తెప్పించాలా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికినచోటే కాన్పుకు ఎంచుకోండి, పది కిలోమీటర్లు ఎక్కువైనా సరే.

పీహెచ్‌సీ దగ్గర ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికే వెళ్లాల్సినవాళ్లు: ఇంతకుముందు సిజేరియన్ అయినవాళ్లు, కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, బీపీ, మునుపటి కాన్పులో రక్తస్రావం అయినవాళ్లు, పొట్టిమనుషులు (140 సెంటీమీటర్ల లోపు), సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్లు, హెచ్‌బీ 7 లోపు ఉన్నవాళ్లు. మీ చెల్లెలి హెచ్‌బీ 8.2. ఆగస్టు చివరికి అది 10 దాటితే పీహెచ్‌సీ పర్వాలేదు. దాటకపోతే ఆమె కూడా రక్తం దొరికేచోటే కనాలి. రక్తం తక్కువున్న మనిషికి మామూలు రక్తస్రావం కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక్కడే ఒక మాట. రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, తెలంగాణలో 60.7 శాతం. "ఎందుకొచ్చిన గొడవ, ప్రైవేటులో కోయించేద్దాం" అని కొండవాళ్లకు కూడా సలహా ఇచ్చేవాళ్లున్నారు. అవసరం లేకుండా ఒకసారి కోస్తే తర్వాతి కాన్పుల్లో పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంటుంది. రోడ్డు లేని ఊళ్లో అది మామూలు ప్రమాదం కాదు. అవసరమైతే తప్పదు, సౌకర్యం కోసం మాత్రం వద్దు.

హెచ్‌బీ సంగతి ఈ వారమే మొదలుపెట్టాలి. మొదట సికిల్ సెల్ పరీక్ష అయిందా చూడండి. ఏజెన్సీలో ఇది ఉన్న జబ్బే. ఒకే జన్యువు ఉన్న వాహకురాలైతే ఐరన్‌కు అడ్డం లేదు. జబ్బే ఉంటే ఐరన్ ఇవ్వాలా వద్దా అన్నది పెద్దాసుపత్రి డాక్టరు తేల్చాలి. వానాకాలం జ్వరం వస్తే అదేరోజు మలేరియా పరీక్ష చేయించండి. కడుపుతో ఉన్నప్పుడు మలేరియా రక్తాన్ని బాగా తగ్గిస్తుంది, బిడ్డ బరువునూ తగ్గిస్తుంది. ఇంట్లో మిగిలిన మలేరియా మాత్రలు వేయొద్దు, వాటిలో ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వకూడనిది. నులిపురుగుల మాత్ర, 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, మూడో నెల దాటాక ఒకసారి వేసి ఉండాలి. వేశారో లేదో కార్డులో చూడండి.

హెచ్‌బీ 7కీ 11కీ మధ్య ఉంటే రోజుకు రెండు ఐరన్ మాత్రలు. ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. "మాత్రలు వేస్తున్నా రక్తం పెరగడం లేదు" అంటే చాలాసార్లు కారణం వేసే తీరులో ఉంటుంది. టీతో, పాలతో, చోడి అంబలితో కలిపి వేస్తే ఐరన్ ఒంటికి పట్టదు. క్యాల్షియం మాత్రతో కలిపినా అంతే. క్యాల్షియం పొద్దున, మధ్యాహ్నం తిండితోపాటు ఒక్కోటి. ఐరన్ ఒకటి సాయంత్రం నాలుగింటికి, ఒకటి రాత్రి తిన్న గంట తర్వాత, నిమ్మకాయ నీళ్లతో అయితే మరీ మంచిది. నాలుగింటి టీ మానాలి. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పండి, లేకపోతే భయపడి మానేస్తుంది. నెలకు 60 మాత్రలు. నెలాఖరుకు చేతిలో ఎన్ని మిగిలాయో లెక్కపెడితే వేసిందీ లేనిదీ తెలుస్తుంది.

అయితే మీకున్నది రెండు నెలలే, మాత్రలకు అది చాలకపోవచ్చు. కాన్పు దగ్గరపడ్డాక బయటపడిన రక్తహీనతకు నరానికి ఎక్కించే ఐరన్ ఇవ్వొచ్చని కేంద్రం నడిపే రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమం మార్గదర్శకాల్లోనే ఉంది. రెండు రకాలున్నాయి. ఐరన్ సుక్రోజ్ ఒక్కోసారి 200 మిల్లీగ్రాములే ఎక్కిస్తారు కాబట్టి రోజు విడిచి రోజు నాలుగైదుసార్లు రావాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఒకే విడతలో వెయ్యి దాకా ఎక్కించొచ్చు. లెక్క ఇలా వేస్తారు: బరువు 45 కిలోలు, కావలసిన హెచ్‌బీ 11, ఉన్నది 8.2. తేడా 2.8ని 45తో, 2.4తో హెచ్చిస్తే సుమారు 300, నిల్వ కోసం ఇంకో 500, మొత్తం 800 మిల్లీగ్రాములు. కొండ దిగి రావాల్సిన మనిషికి ఒకే విడత పద్ధతి ఎంత నయమో చెప్పక్కర్లేదు. రియాక్షన్‌కు మందులున్న ఆసుపత్రిలోనే ఎక్కించాలి, అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ప్రతి నెలా 9న పీహెచ్‌సీల్లో డాక్టరు గర్భిణులను చూస్తారు, 2016 నుంచి జరుగుతున్న కార్యక్రమం. కాని ఆగస్టు 9 దాకా ఆగితే మూడు వారాలు పోతాయి. ఇప్పుడే వెళ్లండి.

రక్తం ఎక్కించాల్సి వస్తే ప్రభుత్వాసుపత్రిలో డబ్బు కట్టక్కర్లేదు. కాని బదులు రక్తం ఇచ్చేవాళ్లను తెమ్మని అడగడం మామూలే. బ్లడ్ గ్రూపు తెలిసిన ఇద్దరు మగవాళ్ల ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. 18 ఏళ్లు దాటి, 45 కిలోలకు తగ్గకుండా, హెచ్‌బీ 12.5 ఉన్నవాళ్లయి ఉండాలి.

ముందే దిగినా కొన్ని సూచనలు కనిపిస్తే తేదీతో పని లేకుండా వెంటనే బయల్దేరాలి. ఏమాత్రం రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు బాగా తగ్గినా, ఫిట్స్ వచ్చినా. ఆగని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం బీపీ గుర్తులు. గుర్రపువాతానికి (బీపీ వల్ల గర్భిణికి వచ్చే ఫిట్స్) ముందు ఇవే కనిపిస్తాయి. బీపీ 140/90 దాటితే అది ఎక్కువే. ఫిట్స్ వచ్చిన మనిషిని పెద్దాసుపత్రికి పంపే ముందు మెగ్నీషియం సల్ఫేట్ తొలి డోసు, ఒక్కో పిర్రకు 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు, ఏఎన్‌ఎం కూడా ఇవ్వొచ్చు. ఇచ్చారా, ఏ టైముకు ఇచ్చారు అన్నది రిఫరల్ చీటీలో రాయించుకోండి. డోలీలో వెల్లకిలా కాకుండా ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

నొప్పులు త్వరగా రావడానికని ఆర్‌ఎంపీ వేసే ఇంజెక్షన్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. అది ఆక్సిటోసిన్. బిడ్డ బయటికి వచ్చాక 10 యూనిట్లు కండకు వేస్తే రక్తస్రావాన్ని ఆపే మందు అదే. బిడ్డ లోపలుండగా కొలత లేకుండా వేస్తే గర్భసంచి చిట్లుతుంది, బిడ్డకు ఊపిరి అందదు. పైగా ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. సంచిలో ఎండకు తిరిగిన ఆంపూల్ కాన్పు తర్వాత వేసినా సరిగ్గా పనిచేయదు.

ఇంత చేసినా బిడ్డ దారిలోనే వచ్చేస్తే, లాగొద్దు, పొట్ట నొక్కొద్దు. బిడ్డను పొడిగుడ్డతో గబగబా తుడిచి తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి కప్పండి. కొత్త బ్లేడు, ఉడికించిన దారం ఉంటేనే బొడ్డు కోయండి. లేకపోతే కోయకుండా, మాయ పడ్డాక దాన్ని కూడా బిడ్డతోపాటే చుట్టి తీసుకెళ్లొచ్చు, ఏమీ కాదు. బొడ్డుకు పసుపు, బూడిద, పేడ ఏదీ పెట్టొద్దు. దారి లేని ఊళ్లలో మిసోప్రోస్టాల్ మాత్రలు ముందుగా ఇవ్వడానికి ప్రభుత్వ అనుమతి ఉంది. ఏఎన్‌ఎమ్మును అడిగి చూడండి. 200 మైక్రోగ్రాములవి మూడు, బిడ్డ పుట్టాక, కడుపులో రెండో బిడ్డ లేదని రూఢి చేసుకున్నాకే మింగాలి. ముందు మింగితే ఆక్సిటోసిన్ ప్రమాదమే దీనికీ ఉంది.

డబ్బు విషయం. 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు తల్లికి భోజనం, రానుపోను బండి అన్నీ ఉచితం. ఏడాదిలోపు బిడ్డకు జబ్బు చేసినా అంతే. మందు బయట కొనమంటే చీటీ మీద రాసివ్వమనండి, చాలాసార్లు స్టోరులోనే దొరుకుతుంది. మామూళ్లు అడిగితే సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఎస్టీ కాబట్టి జననీ సురక్ష పథకం కింద 700 రూపాయలు వస్తాయి. మాతృ వందన పథకం డబ్బు రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే, 6000 ఒకే విడతగా. అయినా తోడున్నవాళ్ల తిండికి, ఆటోలకు మూడు నాలుగు వేలు చేతిలో ఉండాలి.

ఆ డబ్బు రాకపోవడానికి పెద్ద కారణం బ్యాంకు ఖాతా. ఆధార్ ఇచ్చామంటే సరిపోదు, ఆ ఖాతా ఎన్‌పీసీఐలో (ప్రభుత్వ డబ్బును ఆధార్ ద్వారా ఖాతాకు చేర్చే సంస్థ) మ్యాప్ అయి ఉండాలి. రెండు ఖాతాలుంటే చివరగా మ్యాప్ అయినదానిలోనే డబ్బు పడుతుంది. రెండేళ్లు ముట్టుకోని ఖాతా నిలిచిపోయి ఉంటుంది. కార్డులో, ఆధార్‌లో, పాసుబుక్కులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి. పుట్టింటివైపు ఊళ్లో కాన్పయినా పాత ఎంసీపీ కార్డు, దాని మీది 12 అంకెల ఆర్‌సీహెచ్ (గర్భిణి నమోదు) నంబరే వాడాలి. కొత్త నంబరు తీయిస్తే పాత పరీక్షలన్నీ లెక్కలోంచి పోతాయి.

కాన్పయ్యాక 48 గంటలు కదలొద్దు. రక్తస్రావం ఎక్కువగా తొలి 24 గంటల్లోనే. గుర్రపువాతం కాన్పు తర్వాత కూడా రావచ్చు. బయల్దేరే ముందు బిడ్డకు బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి, విటమిన్-కె పడ్డాయా చూసుకోండి. జనన నమోదు 21 రోజుల్లోపు ఉచితం, ఆసుపత్రిలోనే అడగండి. తొలి గంటలోనే ముర్రుపాలు పట్టాలి. తేనె, పంచదార నీళ్లు వద్దు. బాలింతకు పథ్యం పేరుతో నీళ్లు, కూర తగ్గించడం మానాలి. ఐరన్, క్యాల్షియం ఇంకో ఆరు నెలలు వేసుకోవాలి.

బిడ్డ 2.5 కిలోల లోపు ఉంటే పైకి వెళ్లడానికి తొందరపడొద్దు. 1800 గ్రాముల లోపయితే ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) పెట్టాలి. ఆ మధ్య బరువున్న బిడ్డను తల్లి గుండెలకు కట్టుకుని వీలైనన్ని గంటలు ఉంచుకోవడమే మందు. తండ్రి కట్టుకున్నా సరే. ఇంటికి దింపే బండి రోడ్డు దాకానే వస్తుంది. మిగతా మూడు కిలోమీటర్లు తల్లికి డోలీ కావాలి, బిడ్డ ఆమె ఒంటికి అంటిపెట్టుకునే ఉండాలి, విడిగా గుడ్డలో చుట్టి ఇంకొకరు మోయకూడదు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు వచ్చి చూడాలి. ఆమెది వేరే గూడెం అయితే రావడం తప్పిపోతుంది కాబట్టి మీరే ఒకటి నేర్చుకోండి: బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టడం. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి. మళ్లీ అంతే వచ్చినా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా తెల్లారేదాకా ఆగకుండా దిగండి.